బొంగరం బండిలో పాత ఆయిల్

టీ గ్లాసు కింద పెట్టకముందే బొంగరం వ్యాను తాళాలు అందుకోవడం, అతని భార్య కుట్టుమిషన్ ముందు కూర్చోవడం ఆ ఇంట్లో రోజూ జరిగేదే. ఆమె బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. అతను అద్దెకి మనుషుల్ని ఎక్కించుకుని ఊరంతా తిరుగుతాడు. కాలు కాలిన పిల్లిలా ఒకచోట నిలవడని చిన్నప్పుడే ఆ పేరు పెట్టారు. పెళ్లయ్యాక కూడా రెండుసార్లు చెప్పాపెట్టకుండా ఇల్లొదిలి పోయాడు. ఈ పాత వ్యాను కొన్నాకే కాస్త కుదురుకున్నాడు.

కుదురుకోక ఏం చేస్తాడు? ఆ వ్యాను ఎక్కినవాళ్ల అలజడంతా గేరు ఆయిల్లోకి దిగిపోతుంది మరి. ఏడుపు ఆపని పసివాళ్లని తల్లులు అందులో ఓ చుట్టు తిప్పి తెచ్చుకునేవాళ్లు. అలిగిన మొగుడూపెళ్లాలూ, ఉద్యోగం ఊడినవాళ్లూ కిటికీ పక్క సీటు కోసం పోట్లాడి ఎక్కి, ఆవలిస్తూ దిగేవాళ్లు. అందరికన్నా ఎక్కువ దించుకున్నది మాత్రం బొంగరమే.

ఇప్పుడు బండి నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు గుంజుతోంది. అది గుంజడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి బొంగరం కూడా అన్నం ముందు కూర్చుని లేస్తున్నాడు, పడుకుని లేస్తున్నాడు, గుమ్మం దాకా వెళ్లి వస్తున్నాడు. ఈసారి పోతే మనిషి తిరిగి రాడని భార్య భయం. అందుకే పని మధ్యలో వదిలేసి అతనితో పాటు తనూ మెకానిక్ షెడ్డుకి బయల్దేరింది.

ముసలి మెకానిక్ ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగాడు. తారులా నల్లబడిన ఆయిల్ కడ్డీ మీద నిలవకుండా పైకీ కిందికీ పాకుతోంది.

"ఎప్పుడైనా మార్పించావా?"

"కొన్నప్పట్నుంచి ముట్టుకోలేదు బాబాయ్," అన్నాడు బొంగరం.

"అదే చిక్కు. గేర్‌బాక్సులో అరిగిన ప్లేట్ల పొడంతా ఇందులోనే ఉంది. ఆ మురికి పట్టు మీదే ఇన్నాళ్లూ గేర్లు పడుతున్నాయి. మొత్తం కడిగేసి కొత్తది పోస్తే పట్టు జారి బండి కదలకపోవచ్చు. పొయ్యకపోతే ఇవాళో రేపో గేర్‌బాక్సు కాలిపోవచ్చు."

"ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎందుకొచ్చిన గోల, అమ్మేద్దాం," అన్నాడు బొంగరం పచార్లు చేస్తూ.

"అమ్మేసి?" అందామె.

అతను రోడ్డు వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. మొదట భయం వేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. మొగుడికి కాపలా కాయడంతోనే తన వయసంతా గడిచిపోయింది.

"కొంచెం తీసి కొంచెం పోస్తే కుదరదా బాబాయ్?" అని ఆమే అడిగింది.

మెకానిక్ గడ్డం గోక్కున్నాడు. "కుదురుతుంది. కడక్కుండా, దానంతటది కారినంత తీసి, అంతే కొత్తది పోస్తా. సగం పాతది లోపలే ఉంటుంది. కానీ పూచీ నాది కాదమ్మా."

"పూచీ నాది," అందామె.

బోల్టు విప్పగానే ఆయిల్ తొట్టిలోకి దూకింది. దూకింది ఊరుకుందా? సుడులు తిరుగుతూ, తొట్టిని ఈడ్చుకుంటూ గుమ్మం వైపు బయల్దేరింది.

"ఏదైనా అడ్డం పెట్టండి," అని విసుక్కున్నాడు మెకానిక్.

బొంగరం చేతులు చాచి వంగాడు. అది అతన్ని తాకితే తన సంసారం మళ్లీ వీధిన పడ్డట్టే. ఆమె అతన్ని పక్కకి తోసి తన కాలు అడ్డం పెట్టింది. తొట్టి కొట్టుకుని ఆయిల్ మోకాలిదాకా చిమ్మింది.

"బండి ఒకసారి కక్కింది మళ్లీ మింగదమ్మా. బాగా తుడుచుకో," అని మెకానిక్ పాత గుడ్డ అందించాడు. మరక పోయింది. దాని వెచ్చదనం మాత్రం మోకాలు దాటి పైకి పాకింది.

కొత్త ఆయిల్ పోయడం అయ్యేసరికి బొంగరం ఓ టైరు మీద కూలబడి ఆవలిస్తున్నాడు. "నువ్వే నడిపి చూడు. నాకు లేవాలని లేదు," అన్నాడు. ఎప్పుడో సరదాకి అతనే ఆమెకి నడపడం నేర్పాడు. వీధి చివర దాకా తప్ప ఆమె ఎన్నడూ పోలేదు.

గేరు మెత్తగా పడింది. ఇంటి మలుపు వచ్చింది, పోయింది. మార్కెట్టు దాటింది, వంతెన దాటింది, ఆ తర్వాతి వీధుల పేర్లు ఆమెకి తెలియవు. భయం వేస్తుందేమోనని చూసుకుంది. ఒంట్లో ఎక్కడా భయం లేదు. సంతోషంగా ఉంది, అంత సంతోషం తనకి తగునా అన్నంత.

ఫోన్ మోగితే బండి పక్కకి ఆపింది.

"గేరు ఎలా పడుతోంది?" అన్నాడు బొంగరం.

"బాగా పడుతోంది."

"మరింకేం. ఎప్పుడొస్తావ్?"

వస్తున్నానని అందామనుకుంది. నోరు రాలేదు.

"తెలియదండీ. మీరు ఇంటికెళ్లి అన్నం తినండి."

"సరే," అన్నాడు. "తలుపు గడియ పెట్టన్లే."