తొట్టిలో పోసిన బ్లీచింగ్

“తొట్టి అడుగు కనబడుతోందోయ్!” అని మా ఆయన ఫోనులో కేక పెట్టారు. కాగితం మిల్లు ప్రయోగశాలలో చేతిలో ఉన్న పరీక్షనాళికను పక్కన పెట్టి, కొత్త చెప్పులు కరుస్తున్నా పరుగెత్తాను.

మా పెళ్ళయి ఇరవై రెండు రోజులు. ఆయన మురుగు నీటి విభాగంలో ఆపరేటరు. మిల్లు నుంచి కాలువలోకి పోయే నీళ్ళు చిక్కటి కషాయంలా ఉంటాయి. ఆ రంగును తినేసే తెల్ల బూజును చెక్కపొట్టు మీద పెంచి, ఆ నీళ్ళు నింపిన ఒక చిన్న తొట్టిలో వేశాం. వేళకు దానికి చక్కెర నీళ్ళు పోసేది ఆయనే. నాకంటే ముందు దానికే ఫలహారం పెడతారని, దాన్ని “నా సవతి” అంటుంటాను.

తొమ్మిదో రోజుకు, అంటే ఇవాళ, నీళ్ళు లేత పసుపుకు తిరిగాయి. మా ఆయన గాజు గ్లాసులో పట్టి ఎండకెత్తి, “ఇందులోంచి నీ చీరంచు కనబడుతోంది, చూడు!” అన్నారు. మిల్లంతా గెంతాలనిపించింది. రేపు యజమానులు వచ్చి చూస్తారు. నచ్చితే పెద్ద తొట్టి కడతారు, కాలువ తేటపడుతుంది. లేదంటే ఈ పని ఇంతటితో సరి.

భోజనం చేసి వచ్చేసరికి తొట్టి దగ్గర ముక్కు మండింది. క్లోరిన్ వాసన! నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బూజు మాత్రం చెక్కపొట్టు నుంచి ఊడి, ముద్దలుగా తేలుతోంది.

మేనేజరుగారు నవ్వుతూ నిలబడ్డారు. “ఆ కాస్త పసుపు కూడా ఎందుకని రెండు డబ్బాల బ్లీచింగ్ పోయించా. మనకిది కొత్తా? కాగితం గుజ్జును తెల్లబరిచేదీ దాంతోనేగా!”

“సార్, బూజు చచ్చిపోయింది!”

“పోతే పోయింది. నీళ్ళు తేటగా ఉన్నాయా, లేదా?”

“పరీక్ష రాస్తున్నవాడి గొంతు నొక్కేసి, జవాబులు మీరే రాసి, మార్కులొచ్చాయి చూడమంటే ఎలా సార్?”

“కొత్త పెళ్ళికూతురివి, హాయిగా నవ్వుతూ ఉండక నీకెందుకమ్మా ఇంత కోపం? రేపు ఎవరూ ఏమీ అడగరులే.”

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికూతురికి ముక్కుండదా, కళ్ళుండవా? ఈ దొంగ తేట చూసి సరేనంటే, పెద్ద తొట్టిలోనూ ఇదే జరుగుతుంది. రంగు పోయి, దాని బదులు విషం కాలువలో కలుస్తుంది. తొమ్మిది రోజులు ఆ బూజును కంటికి రెప్పలా చూసుకున్న మా ఆయనేమో, తలొంచుకుని జల్లెడతో ఆ ముద్దల్ని తీస్తున్నారు.

“ఏమండీ, మీరైనా ఒక మాట అనరేం?”

“ఏమనమంటావ్? నోరు పెగలడం లేదు.”

నా నోరు పెగిలింది. “సార్, రేపు యజమానులు రాగానే నేనే ఎదురెళ్తాను. ముందు ఈ తొట్టి వాసన చూడమంటాను. బ్లీచింగ్ మీరే పోయించారని చెప్పి, కొత్త బూజు పెంచడానికి గడువు అడుగుతాను. మీరూ పక్కనే ఉండండి.”