పోలమ్మకు పుట్టింటి చీర

మా అత్త అమ్మడు రాజాం మార్కెట్లో చేపలమ్ముతుంది. టీవీలో పోలమ్మను చూసి నవ్వినవాళ్ళలో చాలామందికి మా అత్త ఎవరో తెలియదు. కానీ వాళ్ళు నవ్వింది ఆవిడ మాటలకే. "మా వీధి మేళం" అనే ఆ కామెడీ సీరియల్‌ను మొదట్లో రాసింది మా అత్త మేనల్లుడు ఈశ్వర్. చేపలమ్మే పోలమ్మను అచ్చంగా మా అత్త నోట్లోంచే తీశాడు.

ఒక ఎపిసోడ్ నాకిప్పటికీ గుర్తే. మునిసిపల్ ఆఫీసు గుమాస్తా కోనాం చేపను నొక్కి నొక్కి చూసి, "ఇది ఎప్పుడు చచ్చింది?" అంటాడు. పోలమ్మ తలెత్తకుండా, "సావు సర్టిఫికెట్టు మీ ఆఫీసులో కదా బాబూ ఇచ్చీది. నానిత్తే సెల్లుద్దేటి?" అంటుంది. మరునాడు మార్కెట్లో అందరూ మా అత్తను ఆ మాట అనమని అడిగారు. ఆవిడ అంది, నవ్వింది, అడిగినవాళ్ళకు ఒక చిన్న చేప కొసరు కూడా వేసింది. ఏళ్ళ తరబడి అలాగే సాగింది. సగం ఊరు ఆవిడను పోలమ్మ అనే పిలిచేది.

తర్వాత ఈశ్వర్‌ను తీసేశారు. ఈ యాస ఎవరైనా రాయగలరని అన్నారట. వాడు గరివిడి వచ్చి ఏదో ఉద్యోగంలో కుదురుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు పోలమ్మ చేత నిమిషానికోసారి "ఏటి? ఏటేటి? ఏటేటేటి?" అనిపించడం మొదలుపెట్టారు. ఆమెకు సారా అలవాటు చేశారు. మురిక్కాలవలో పడేశారు. పడ్డప్పుడల్లా వెనక నుంచి నవ్వులు వినిపించేవి. మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. అదంతా ఎలాగో ఓర్చుకున్నాం. ఒకరోజు పోలమ్మ కాటా అడుగున రాయి కట్టి జనాన్ని మోసం చేసింది. అది మాత్రం టీవీలో ఆగలేదు.

మొదట ఎవరో సరదాగా, "ఏటి పోలమ్మా, రాయి ఉన్నాదా తీసీసినావా?" అన్నారు. అత్త కూడా నవ్వింది. తర్వాత ఒక కానిస్టేబుల్ కాటా ఎత్తి అడుగు చూశాడు. ఆ వారమే, ఎప్పుడూ మా దగ్గరే కొనే మాస్టారి భార్య చేపలు తీసుకుని ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్ళి మళ్ళీ తూయించింది. వెనక్కి వచ్చి, "సరిగ్గానే ఉన్నాది అమ్మడూ, ఏటీ అనుకోకు" అంది.

అత్త తర్వాతి బేరం తూచింది. ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని, "నా తూకం ఇన్నాల్లూ ఎవులూ తిరిగి తుయ్యనేదే అరుణా," అంది. కంచం అలాగే ఉంది.

"పైడితల్లి అమ్మవారు చూసుకుంటాది అత్తా," అన్నాను.

"అమ్మకి బోల్డు పనులున్నాయి. ఇది నాను సూసుకుంటాను."

సీరియల్ చూసేవాళ్ళు తగ్గిపోతున్నారని అది తీసే కంపెనీవాళ్ళకూ తెలిసినట్టుంది. రాజాంలోనే స్టేజీ కట్టి "పోలమ్మ పుట్టింటికి వచ్చింది" అని పండగలా చేస్తామన్నారు. అదంతా లైవ్‌లో వస్తుందట. ఒక మేనేజరు మార్కెట్టుకే వచ్చి, "అమ్మా, పోలమ్మకు పుట్టింటి చీర మీ చేతుల మీదుగా అందాలి" అన్నాడు. చేపలు కడిగిన నీళ్ళు అతని మీద పోస్తుందేమోనని నేను భయపడ్డాను.

అత్త తాపీగా అడిగింది. "పుట్టింటి సీరేనా బాబూ? అదే కావాలా?"

"అదేనమ్మా. మన సంప్రదాయం కదా."

"అయితే తెస్తాను. నా డబ్బులెట్టే తెస్తాను."

మంచి చీరే కొంది. ఆడపిల్లకు పెట్టే చీర కదా అని కొంగు చివర పసుపు పెట్టబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వద్దే."

"పసుపు పెట్టని చీర ఆడపిల్లకు ఇత్తారా అత్తా?"

"ఇత్తారు. ఒక్కసారి ఇత్తారు."

"పాపం అత్తా, ఆ యేసం కట్టే అమ్మాయి మనకేటి సేసింది?" అన్నాను.

"ఆ పిల్లకి కాదు. పోలమ్మకి. నువ్వు వద్దంటే సెప్పు, రేపట్నుంచి కాటా నువ్వు పట్టు. జనం ఎలా సూస్తారో నువ్వే సూడు."

పసుపు గిన్నె లోపల పెట్టేసి వచ్చాను.

ఆ రోజు కాలేజీ గ్రౌండంతా జనం. ముందు వరసల్లో ఆడవాళ్ళే. పోలమ్మ వేషంలో చరిత అనే అమ్మాయి గంప పట్టుకుని వచ్చి, మైకులో "ఏటేటేటి" అంది. అత్త స్టేజీ ఎక్కింది. చీర ఆమె చేతికివ్వలేదు, జాకెట్టు ముక్క పెట్టలేదు. మడత విప్పి, తల మీంచి పాదాల దాకా కప్పేసింది.

పెళ్ళైన ఆడది పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పేది అలాగే. యాంకరమ్మాయి అది సన్మానమనుకుని చప్పట్లు కొట్టింది. చీర కింద చరిత కూడా నవ్వుతూ చేతులు జోడించింది. కింద ఒక్క ఆడదీ చప్పట్లు కొట్టలేదు.

అత్త స్టేజీ మీద చతికిలబడింది. జుట్టు ముడి విప్పుకుని శోకం తీసింది.

"ఓలమ్మ పోలమ్మా... కాటాకి కన్నం సెయ్యని సెయ్యే నీది... అడక్కుండా కొసరేసిన తల్లివే నువ్వు... అందర్నీ నవ్వించిన నోట్లో సారా పోసీసినారా అమ్మా... కాలవలో తోసీసి కిలకిలా నవ్వినారా... నిన్ను సంపినోల్లే సీర ఎట్టమన్నారే తల్లీ..."

"అద్భుతం, ఇది మన ఉత్తరాంధ్ర జానపదం" అంది యాంకర్. మార్కెట్లో మా పక్కన గంప పెట్టుకునే నారాయణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ఆవిడా అందుకుంది. ఆవిడ వెనక మరో నలుగురు. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. మేనేజరు ఎవరినో అడిగి తెలుసుకుని పరుగెత్తుకొచ్చేసరికి అత్త లేచి జుట్టు ముడేసుకుంటోంది. మైకు దగ్గరకు వెళ్ళి, "కార్యం అయిపోనాది. ఇల్లకెల్లి తానాలు సెయ్యండే," అంది.

ఆడవాళ్ళంతా లేచారు. వాళ్ళ వెనక మగవాళ్ళూ లేచారు. పాటలు పాడాల్సినవాళ్ళు ఇంకా స్టేజీ వెనకే ఉన్నారు, ముందు మాత్రం ఖాళీ కుర్చీలు మిగిలాయి.

ఆ సాయంత్రం నుంచి మా వైపు ఎవరైనా ఆ సీరియల్ పెట్టబోతే ఇంట్లో పెద్దవాళ్ళు, "పోలమ్మ పెద్ద దినం అవనేదు, మేళం ఏటి?" అనేవారు. పెద్ద దినం దాటాక కూడా ఎవరూ పెట్టలేదు. ఆ వీడియో ఫోన్లలో పడి విజయనగరం దాకా, ఆ పైకి కూడా పోయింది. మాస్టారి భార్య మళ్ళీ వచ్చింది. అత్త తూచి ఇచ్చింది. ఆవిడ సంచి పట్టుకుని కిరాణా కొట్టు వైపు చూడకుండా వెళ్ళిపోయింది. మునుపు ఆవిడకు కొసరు పడేది. ఇప్పుడు పడలేదు.

తర్వాత ఒకరోజు చరిత ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది. "జ్వరం తగ్గడం లేదమ్మా. ఆ చీర గురించి విని మా అమ్మ ఏడుస్తోంది. నేనేం చెయ్యాలి?"

అత్త ఫోన్ స్పీకరులో పెట్టించుకుంది. "పోలమ్మ యేసం కట్టినంతకాలం ఆ సీర నీ మీద ఉంటాది. యేసం ఇప్పీసి తానం సెయ్యమ్మా. నీకేటీ అవదు."

ఆ అమ్మాయి సీరియల్ మానేసింది. జ్వరం తగ్గిందని కబురు వచ్చింది. నేను ఆమె పేరున అమ్మవారికి పసుపు కుంకాలు ఇచ్చి వచ్చాను. ఆమె పొట్ట మీద కొట్టినట్టు కాలేదా? రాసినవాళ్ళ తప్పుకు, వేషం కట్టిన పిల్ల వణకడం న్యాయమేనా? గుడిలో నిలబడి అడిగాను. ఈశ్వర్‌ను, మా అత్తను ఏమీ అడగకుండా వాడుకున్నవాళ్ళది ఏ న్యాయమో కూడా అడిగాను.

ఇంటికి వచ్చేసరికి నా ఫోన్ మోగింది. ఆ మేనేజరే. సీరియల్ ఆపడం లేదని, కొత్త పోలమ్మను తెస్తున్నామని, ఈసారి మా అత్త అడ్డుపడకుండా నన్ను నచ్చజెప్పమని చెప్పాడు. అత్త అరుగు మీద కూర్చుని కత్తిపీట నూరుకుంటోంది. ఆవిడకు చెప్పాను.

తలెత్తలేదు. "తెమ్మను," అంది. "రాజాంలో సీరలకి కరువేటి?"