మడతకి వదిలిన రేకు

ఒడిలో నిద్రపోతున్న పిల్ల కదలకుండా ఫాయిజా మెల్లగా మౌసు తిప్పుతోంది. లాప్‌టాప్ తెరమీద ఏసీ గాలి పోయే గొట్టం. ఎవరి ఆసుపత్రికో, ఏ ఊరికో ఆమెకు తెలియదు. దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కకి రేకు ఎట్లా కోయాలో గీసి పంపడమే ఆమె పని. ఇంటర్ సగంలో ఆగిపోయింది. పెళ్లయ్యాక నరసరావుపేటలోనే ఇది నేర్చుకుంది. తెరమీద అన్నీ అతుకుతాయి. బయట అతుకుతాయో లేదో ఎప్పుడూ అనుమానమే.

వసారాలో మామ నాగూర్ వలి రేకు కోస్తున్నాడు. మిషన్లొచ్చాక ఆయన కత్తెరకి పని లేదు. నిన్న ఏసీ పనుల కాంట్రాక్టరు కరీముల్లా, ఫంక్షన్ హాలు గొట్టంలో నలిగిన ముక్కకి బదులు ఒకటి చేసిమ్మన్నాడు. కుదిరితే ఇక చిన్న పనులన్నీ ఆయనకేనన్నాడు. మామ కొలతలు తెస్తే కోడలు గీసి, ఫ్లెక్సీ షాపులో అసలు సైజు కాగితం తీయించింది.

"మామా, పిల్ల లేస్తే అటే పాకుద్ది. ముక్కలు ఏరెయ్."

"ఏరతాలేమ్మా. నీకు గాలి కూడా పిల్లని కోసేట్టే కనబడుద్ది."

మధ్యాహ్నం ఆయన ఆ ముక్కను చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"ఏంది మామా?"

"పట్టలా. వేలెడు ఎక్కువొచ్చింది. 'పెద్దాయనా, ఏనుక్కి చొక్కా కుట్టావా?' అన్నాడు కరీముల్లా."

ఫాయిజా కొలతలు చూసింది. సరిగ్గానే ఉన్నాయి. ఆయన కాగితం మీద టేపు పెట్టాడు. తెరమీద ఎంతో అంతే ఉంది. మరి రేకెట్లా పెరిగింది?

"నాదే తప్పేమో మామా."

"నా చెయ్యే తప్పుంటదిలే. సాయంత్రం ఇంకోటి కోసిస్తానని చెప్పొచ్చా."

కాసేపు వసారాలో సుత్తి చప్పుడైంది. పనికిరాని ముక్కను ఇంకా ఎందుకు కొడుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. తర్వాత మంచం కిర్రుమంది.

తెరమీద ముక్కను విప్పి పరిచి, మళ్ళీ మళ్ళీ చూసింది. అంచు వెంట సన్నటి పట్టీ కనిపించింది. మడతకి వదిలిన రేకు. అతుకు దగ్గర మడవడానికి కావాల్సింది, మామకి శ్రమ తగ్గుతుందని తనే కొలతకి కలిపింది. చెప్పడం మరిచింది. పిల్లని నిద్రలోనే వదిలి గబగబా పోయి వసారాలో ముక్కను తిప్పింది. అతుకు దగ్గర, ఆ పట్టీకి అవతల మళ్ళీ వేలెడు వెడల్పున పెన్సిల్ గీత. కోడలికి మడత సంగతి ఏం తెలుస్తుందిలే అని ఆయనా వదిలాడు.

నవ్వొచ్చింది.

"మామా, దొరికింది! నువ్వూ వదిలావు, నేనూ వదిలా!"

ఆయన పలకలేదు. ఇంకోసారి పిలిచింది. పాదం పట్టుకుని కదిపింది. చల్లగా ఉంది. నిద్రలో పాదాలు చల్లబడతాయా? పిల్లకైతే చల్లబడతాయి. పెద్దవాళ్ళకి? పిలుపులు విని పక్కింటి జైనాబ్ బీ వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, నోట కొంగు కుక్కుకునేదాకా ఆమె అట్లా ఆలోచిస్తూనే ఉంది.

మాచర్ల పనికెళ్ళిన భర్తకి ఫోన్ చేస్తుంటే పిల్ల లేచి వసారాలోకి పాకింది. ఫాయిజా చూసేసరికి ఆ రేకు గొట్టం నోట్లో తల దూర్చి ఉంది. కెవ్వుమని పరిగెత్తి లాగింది. నుదురు చూసింది, వేళ్ళు చూసింది. గీత కూడా పడలేదు.

రేకు అంచు మీద చెయ్యి పెట్టింది. నాలుగంచులూ లోపలికి మడిచి, సుత్తితో మెత్తగా అణిచి ఉన్నాయి.