మందు తిరిగొచ్చే దారి

ఎల్సీ ప్రోథరో సైకిలు వెనక కట్టిన ఇనుప చట్రంలో గాజుసీసాలను నిలబెట్టి, వాటి మధ్య పాత వార్తాపత్రికను ఉండలు చుట్టి కుక్కింది. బిరడాలను ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసింది. గౌను అంచును ఒక చేత్తో పోగుచేసుకుని సైకిలెక్కి, ఆసుపత్రి గేటు దాటి, వంతెన మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే మబ్బులు విడిపోయి ఎండ కాసింది. సీసాల్లోని మూత్రం బంగారు రంగులో మెరిసింది. వారంలో ఆరు రోజులు మొహం చూపించని సూర్యుడు ఆ ఊళ్ళో తన సైకిలు కోసమే కాచుకుని ఉంటాడని ఎల్సీకి చాలాకాలంగా అనుమానం.

మాంసం కొట్టు యజమాని ఖాళీ కొక్కేల కింద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. యుద్ధం వచ్చాక అతనికి నిలబడడం తప్ప పెద్దగా పని లేదు.

"ఏం ఎల్సీ, ఈవేళ ఆపిల్ రసం బాగా కుదిరినట్టుందే."

"కుదిరింది. ఇందులో ఏముందో నేను చెప్పగలను. నీ సాసేజీల్లో ఏముందో నువ్వు చెప్పగలవా?"

అతను నవ్వాడు. ఎల్సీ నవ్వకుండా బెల్లు కొట్టుకుంటూ సాగిపోయింది.

ఆమెకు అరవై దగ్గరపడుతోంది. వార్డు నేల కడిగే కార్బాలిక్ మందునీళ్ళలో నాని నాని చేతులు ఉడికించిన బీట్‌రూట్ రంగుకొచ్చాయి. వేళ్ళ కణుపులు ఉబ్బి, పెళ్ళి ఉంగరం ఇక బయటికి రానని భీష్మించుకుంది. ఏళ్ళ తరబడి ఒకే చేత్తో బకెట్టు మోయడం వల్ల, బకెట్టు లేనప్పుడు కూడా ఒకపక్కకు ఒరిగి నడిచేది. వార్డులో చాలామంది డాక్టర్లకు ఆమె పేరు తెలియదు. బకెట్టావిడ అంటే తెలుసు.

ఈ ఏడాది ఆమెకు కొత్త పని తగిలింది. వంతెన అవతలి ప్రయోగశాలలో బూజు నుంచి ఒక మందు తీస్తున్నారు. బిస్కట్ డబ్బాల్లో, రోగుల మంచాల కింద పెట్టే పళ్ళేల్లో, దొరికిన పాత్రలన్నిట్లో వారాల తరబడి బూజు పెంచితే చివరికి చిటికెడు పసుప్పచ్చని పొడి చేతికొచ్చేది. దాన్ని రోగికి ఎక్కిస్తే కొద్ది గంటల్లోనే చాలాభాగం చెక్కుచెదరకుండా మూత్రంలో బయటికి పోయేది. అందుకని ఆ మూత్రాన్ని పట్టి, ప్రయోగశాలకు చేర్చి, అందులోంచి మందును మళ్ళీ తీసి, మళ్ళీ అదే రోగికి ఎక్కించేవారు. చిల్లికుండలో నీళ్ళు పోస్తున్నంత సేపూ కింద గిన్నె పట్టుకు నిలబడాలి కదా, ఎల్సీ ఉద్యోగం ఆ గిన్నెది.

ప్రయోగశాల గుమ్మంలో మిస్ లోరిమర్ ఎదురుచూస్తోంది. రసాయనశాస్త్రం చదివిన సన్నటి పిల్ల. కోటు జేబులో ఎప్పుడూ సగం కొరికిన బ్రెడ్డుముక్క ఉండేది. సీసాలను వెలుతురులో పెట్టి చూసి పెదవి కొరుక్కుంది.

"మిసెస్ ప్రోథరో, మళ్ళీ తక్కువేనండీ."

"తక్కువంటే?"

"మీ వార్డులో యారో గారికి ఎక్కించినదాంట్లో సగం కూడా తిరిగి రావడం లేదు. నిన్నా అంతే. దారిలో ఏమైనా ఒలుకుతోందేమోనని. మిమ్మల్ని అనడం లేదు."

"ఎవర్నంటున్నారు మరి, సైకిల్నా?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "రేపు పొద్దుటిదాకా సరిపడే పొడి ఉంది. ఆ తర్వాత మీరు తెచ్చినదాంట్లోంచి తీసిందే దిక్కు. ఇప్పుడు మందు ఆగిందంటే మిగిలిపోయిన క్రిములు మళ్ళీ లేస్తాయి. వాపు తగ్గిందని మనం సంబరపడుతున్నాం గానీ…" అని, మిగతాది చెప్పలేదు.

ఎల్సీకి మిగతాది తెలుసు. ఆమె ఖాళీ సీసాలు తీసుకుని వెనక్కి తిరిగింది.

చాలా ఏళ్ళ క్రితం, నిమ్మకాయలు ఇంకా దొరికే రోజుల్లో, ఇదే ప్రయోగశాలలో ఒక పెద్దాయన ఆమెను కూర్చోబెట్టి కంటి దగ్గర నిమ్మతొక్క నలిపి కన్నీళ్ళు పట్టుకున్నాడు. కన్నీళ్ళలో, ఉమ్మిలో, కోడిగుడ్డు తెల్లసొనలో ఒక ఎంజైము ఉందనీ, అది క్రిములను కరిగించేస్తుందనీ చెప్పాడు. క్రిములతో మసకమసకగా ఉన్న గాజునాళంలో ఆమె కన్నీటిబొట్టు వేయగానే చూస్తూండగా నీళ్ళు తేటపడిపోయాయి. అప్పటికి ఆమె భర్త బెర్ట్ పోయి ఏడాది కాలేదు. "మరి మనుషుల్ని చంపే క్రిములో?" అని అడిగింది. "వాటికి ఇది లెక్కలేదమ్మా," అన్నాడాయన నిజాయితీగా. ఇంటికి నడుస్తూ ఎల్సీ అనుకుంది, ఆ ముక్క ఏడవక ముందే ఎవరైనా చెప్పి ఉంటే బోలెడు రుమాళ్ళు మిగిలేవని.

ఈ బూజుమందుకు మాత్రం ఆ పొగరుబోతు క్రిములే లొంగుతున్నాయి. ఎలాగో ఆ రోజుల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. సూక్ష్మదర్శినిలో అవి ఉబ్బి, పగిలి, మాయమవడం మాత్రం కనిపించేది. క్రిమి తన ఒంటి చుట్టూ గోడ కట్టుకుని బతుకుతుందనీ, పెరిగినప్పుడల్లా గోడను పెంచుకుంటుందనీ, కన్నీటిలోని ఎంజైము అప్పటికే కట్టిన గోడను కూల్చేదైతే ఈ మందు కొత్త గోడను కట్టనివ్వనిదనీ తర్వాతెప్పుడో తేలింది. మనిషి కణాలకు అలాంటి గోడే లేదు కనక మందు మన జోలికి రాదు. క్లెమెంట్ యారోకి ఈ సంగతి చెప్పి ఉంటే ఒక్కమాటలో గ్రహించేవాడు. అతను తాపీమేస్త్రీ. బాంబు పడిన బడి గోడను తిరిగి కడుతుండగా ఇటుకపెంకు ఎగిరొచ్చి కనుబొమ్మ మీద గీరింది. అంతే. ఆ గీత నుంచి మొహమంతా చీము పట్టి, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, ఆసుపత్రికొచ్చేసరికి సొంత భార్యే గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నాడు.

ఎల్సీ వార్డుకు తిరిగొచ్చి నేల తుడవడం మొదలుపెట్టింది. యారో కప్పు మీద కప్పు టీ తాగుతున్నాడు. పళ్ళేనికి అవతల నీళ్ళకూజా ఖాళీగా ఉంది. ఇంత తాగుతున్న మనిషి సీసా అడుగు మాత్రమే ఎందుకు నింపుతున్నాడని ఆలోచిస్తూ మంచం కిందికి తుడుపుకర్ర పోనిచ్చింది. అతని చెప్పులు తడిగా ఉన్నాయి. మంచం దిగకూడదని డాక్టర్లు చెప్పిన మనిషి చెప్పులు అవి.

ఆమె మంచం చుట్టూ తెర లాగి, బకెట్టు పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. వార్డులో పనివాళ్ళు కూర్చోకూడదు.

"మిస్టర్ యారో, స్నానాలగదిలో పారబోస్తున్నారు కదూ?"

అతను తెరిచి ఉన్న ఒక్క కన్నునూ గోడవైపు తిప్పుకున్నాడు. "మీరు వెళ్ళేది మా వీధిలోంచేనమ్మా. మా ప్రార్థనమందిరం ముందునుంచి. మా ఆవిడ అక్కడే రేషను వరసలో నిలబడుతుంది. ఒక పెద్దావిడ నా… దాన్ని పట్టపగలు ఊరంతా ఊరేగిస్తుంటే… కొంచెం సీసాలో ఉంచి మిగతాది పారబోస్తే మీకూ బరువు తగ్గుతుందనుకున్నా."

"నా బరువు సంగతి నీకెందుకు నాయనా. అది మందు."

"మందే అనుకోండి. చూసేవాళ్ళకి మందులా కనబడదు కదా."

ఎల్సీ తన ఎర్రటి చేతులను ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ మాట్లాడింది.

"మా ఆయన చెప్పులు కుట్టేవాడు. శనివారం తోలు కుట్టే ఆరె గుచ్చుకుంది, బొటనవేల్లో. ఆదివారానికి ఎర్రటి చార మోచేతిదాకా పాకింది. డాక్టర్ని పిలుస్తానంటే, ఆయన చర్చి నుంచొచ్చి భోంచేస్తుంటారే, ఇప్పుడు తలుపు కొడితే ఏం బావుంటుందన్నాడు. సోమవారం, అక్కడ జనం ఎక్కువుంటారు, మన వేలు గొడవ ఎందుకన్నాడు. బుధవారం నేనే వెళ్ళి తలుపు కొట్టాను. డాక్టరు వచ్చేసరికి బెర్ట్ ఆయన్ని ఇబ్బంది పెట్టే స్థితి దాటిపోయాడు."

యారో టీ కప్పు పక్కన పెట్టాడు.

"ముందే వచ్చినా ఆ డాక్టరు చేసేదేం లేదనుకో. అప్పుడు మందు లేదు. నీకుంది. దాన్ని నువ్వు కాలవలోకి పంపిస్తున్నావు."

తెర అవతల ఎవరో దగ్గారు. యారో గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ చూస్తుంది."

"చూడనీ. నువ్వు బతికున్నావనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి ఆవిడకి?"

అతని ఉబ్బిన మొహంలో ఏదో కదిలింది. నవ్వో నొప్పో చెప్పలేం. "ఆ సీసా ఇలా ఇవ్వండి," అన్నాడు. "మీరు మాత్రం కాస్త అవతలికి వెళ్ళండి."

ఎల్సీ తెర బయటికొచ్చి, మర్యాద కోసం, బకెట్టును అవసరానికి మించి చప్పుడు చేసింది.

"ప్రోథరో, ఏమిటా గోల?" అంది వార్డు పెద్ద నర్సు సిస్టర్ గాడ్‌ఫ్రీ.

"నేల కడుగుతున్నానండీ."

నేల పొడిగా ఉంది. సిస్టర్ గాడ్‌ఫ్రీ నేలను చూసింది, తెరను చూసింది, తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

సాయంత్రం వానలో ఎల్సీ రెండోసారి వంతెన దాటింది. సీసా మెడదాకా నిండి ఉంది. ప్రార్థనమందిరం ముందు వరసలో మిసెస్ యారో పాత ముదురునీలం స్వెట్టరులో తడుస్తూ నిలబడి ఉంది. చట్రంలోకి ఒకసారి చూసి, చూపు మరల్చి, మళ్ళీ చూసి, చిన్నగా తల ఊపింది. ఎల్సీ బెల్లు కొట్టింది.

మిస్ లోరిమర్ సీసాను రెండు చేతులతో అందుకుంది. "ఒలికిందన్నాను, క్షమించండి," అంది. ఎల్సీ అసలు సంగతి చెప్పలేదు. "సైకిలుకు చెప్పండి, అదే బాధపడింది," అంది. ఆ రాత్రంతా తీసిన పొడి మరునాటి సూదులకు సరిపోయింది. ఆ మరునాటి సీసాలు దాని తర్వాతి రోజుకు సరిపోయాయి. వారం తిరక్కుండానే యారో రెండో కన్ను తెరుచుకుంది. ఆ కంటితో అతను మొదట చూసింది సిస్టర్ గాడ్‌ఫ్రీని. మళ్ళీ మూసుకున్నాడని వార్డులో చెప్పుకున్నారు.

అతను ఇంటికి వెళ్ళిన రోజు ఎల్సీకి సెలవు. కావాలనే ఆ రోజు ఎంచుకున్నాడో ఏమో, ఎదురుపడి కృతజ్ఞతలు చెప్పడం అక్కడి మగాళ్ళకు చీముపుండు కంటే కష్టం. మర్నాడు ఆమె వచ్చేసరికి వంటింట్లో వేలు కోసుకుని జ్వరంతో వణుకుతున్న ఒక అమ్మాయి అతని మంచంలో ఉంది. కొత్త సీసా కోసం ఎల్సీ వెనకగదిలోకి వెళ్ళింది. అరమీద, తళతళా కడిగిన సీసాకు, ఎవరిదో పాత స్వెట్టరు విప్పి అల్లిన ముదురునీలం ఉన్నితొడుగు వేసి ఉంది. అడుగుదాకా సరిగ్గా సరిపోయింది, మెడ దగ్గర బిగించడానికి తాడుంది, పక్కన వరసగా బొత్తాలున్నాయి, పైన ఎందుకో చిన్న ఎర్రటి కుచ్చు ఉంది.