దేవవ్వ చేతి పని

మట్టిపొయ్యి మీది రాగి గిన్నెలో వేలు ముంచి చూశాడు లచ్చన్న. నీళ్లు వేడెక్కాయి. తోడి పారబోసి చల్లనివి పోశాడు. కింద కుండలో గులాబీ రేకులు ఉడుకుతుంటే, ఆవిరి ఆ గిన్నె అడుగుకు తగిలి, చల్లబడి, కుండ లోపలి చెంబులోకి చుక్కచుక్కగా దిగుతుంది. గల్ఫ్‌లోని ఈ జబల్ అఖ్దర్ కొండమీద ఈ పనిలో కుదిరి పద్దెనిమిదేళ్లు. రెండు ముంజేతుల నిండా కాలిన మచ్చలే.

వాకిట్లో యజమాని సాలెం, చూడవచ్చినవాళ్లకు పొయ్యి చరిత్ర చెబుతున్నాడు. ఆయనకేం, తాతముత్తాతల పేర్లు గడగడా అప్పజెప్పగలడు.

చెంబు తీయగానే లచ్చన్న చెయ్యి ఊరుకోలేదు. తొలి చుక్కలు మంటలో చిలకరించాడు. ఇప్పసారా అయితే భగ్గుమనేది. గులాబీనీళ్లు కదా, సుయ్యిమన్నాయి. తల్లి దేవవ్వ సారా ఘాటు అలాగే చూసేది. ఆమె కాచిన సారాకు నిర్మల్ దాకా పేరు.

సాలెం చూసి నవ్వాడు. "కిదర్ సీఖా యే?"

ఎక్కడ నేర్చుకున్నావంటే ఏం చెబుతాడు? సారా పేరెత్తితే ఆ ఇంట్లో నిలవనిస్తారా?

"ఇదరిచ్, అర్బాబ్. ఆప్ కే పాస్." ఇక్కడే అయ్యా, మీ దగ్గరే అని అబద్ధమాడాడు.

ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు. గల్ఫ్‌కు వచ్చేముందు, సారా కేసు పడితే పాస్‌పోర్టు రాదని తల్లి కుండలన్నీ రోకలితో తానే పగలగొట్టాడు. ఆమె వంగి, పెంకులు ఎత్తి పోసింది. తప్పు చేశానవ్వా, నీ పనే నాకు కూడు పెడుతున్నదని చెప్పాలి. సెలవుకు పోయిన ప్రతిసారీ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఇవాళ డ్యూటీ దిగగానే ఫోన్లో చెప్పేయాలి, ఏమైనా సరే.

మధ్యాహ్నమే ఫోన్ మోగింది. భార్య రజిత, వీడియో కాల్.

"అత్త పోయింది. పొద్దుగాల గంజి తాగి పండుకున్నది. మల్ల లేవలే."

లచ్చన్న పొయ్యి పక్కనే కూర్చున్నాడు. గిన్నెలో నీళ్లు సలసల కాగుతున్నాయి. మార్చాలని తెలుసు, మార్చలేదు.

"ఇగ నేనెవ్వలికి జెప్పాలె?" అన్నాడు.

తల్లికి ఏ మాట చెప్పాలనుకున్నాడో రజితకేం తెలుసు, పాపం. ఏడ్చి ఏడ్చి ముక్కు తుడుచుకుంది.

"ఆమె మంచం కింద సంచున్నది. ఇప్పపువ్వు. కుండలు పోయినా ఏడాదేడాది ఏరుకొచ్చి ఎండబోసేది. నీకు జెప్పొద్దన్నది, నువ్వు సిగ్గువడ్తవని. దీన్నేం జేయాలె?"

ఫోన్ అటు తిప్పి చూపించింది. మంచం కింద యూరియా సంచి నిండుగా ఉంది, మూతికి పాత చీర అంచు కట్టి ఉంది.