అరవై భుజాల మీద రోప్‌వే

కొండకు రోప్‌వే వస్తోందన్నారు. జబ్బుపడ్డవాళ్ళు పది నిమిషాల్లో కింద ఆసుపత్రిలో ఉంటారన్నారు. వింటే ఎవరికి ఆశ పుట్టదు? కాని ఆ కొత్తకాలానికి కాళ్ళు లేవు కాబోలు, దాన్ని కొండెక్కించడానికి మనుషులే కావలసివచ్చారు. బొటనవేలంత లావు ఇనుప తాడు, ఎక్కడా అతుకు లేకుండా ఒకటే పొడవు. అరవై మంది కూలీలు వరసగా నిలబడి, తలో చుట్ట భుజాన తగిలించుకుని, ఒకే అడుగు మీద ఎక్కాలి. అందరికంటే ముందున్న ముసలాయన కేక వేస్తే అడుగు, లేకపోతే లేదు.

వరసలో అక్క ఏడోది. ఆమె ముందు ఆమె తమ్ముడు. రెండడుగుల వెడల్పున్న బండ అంచు మీద తమ్ముడి కాలు జారింది. మనిషి లోయలోకి వేలాడాడు. చుట్ట జారి ఛాతీకి బిగుసుకుంది. ముందు ఐదుగురు, వెనక మిగతావాళ్ళు కాళ్ళు తన్నిపెట్టి తాడు పట్టుకున్నారు. వదిలితే వాడు పోతాడు, లాగితే ఉచ్చు బిగుస్తుంది. అక్క బోర్లాపడి వాడి మణికట్లు రెండూ దొరకబుచ్చుకుంది.

"నేను పట్టుకున్నాను సార్, తాడు కొయ్యండి. కట్టర్ మీ సంచిలోనే ఉందిగా" అంది.

వరస వెంట నడుస్తున్న సూపర్‌వైజరు నీళ్ళు నమిలాడు. కోసిన తాడు రోప్‌వేకి పనికిరాదు. ఫోను తీసి క్యాంపులో ఉన్న కాంట్రాక్టరును అడిగాడు. ఆ ఫోనుకు కొండ మీద ఎక్కడైనా సిగ్నలే. చెప్పాడు, విన్నాడు, మళ్ళీ చెప్పాడు. తమ్ముడి పెదాలు నల్లబడ్డాయి. ఊపిరాడట్లేదక్కా అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

సూపర్‌వైజరు ఫోను జేబులో పెట్టుకుని, కొయ్యడానికి వీల్లేదట అన్నాడు. శవాన్ని పక్కన పెట్టి వరస కదలమన్నాడు. అక్కకు ఏడుపు రాలేదు. వెనకవాళ్ళతో కలిసి వాణ్ణి బండ మీదికి లాక్కుంది.

మలుపు అవతలివాళ్ళకు ఏం జరిగిందో కనపడదు. మాట నోటినుంచి నోటికి వెనక్కి పోయింది. కట్టర్ ఉండి కూడా కొయ్యలేదట. తాడు పడేద్దామన్నారు కొందరు. పని పోతే పిల్లలేం తింటారన్నారు కొందరు. ఇవాళ వీడు, రేపు నా మొగుడు, అప్పుడూ ఫోనే చేస్తారా అని ఒక ఇల్లాలు అడిగింది. ఆ మాట వరసంతా పాకింది. ఒక్క కాలు కదల్లేదు.

వెంట వచ్చిన గార్డు తుపాకీ ముసలాయన గుండెకు ఆనించి, కేక వెయ్యమన్నాడు. ముసలాయన వాడి మొహాన ఉమ్మేశాడు. గార్డు కాల్చాడు. లోయలోకి ఒరిగిపోతున్న ఆయన్ని వరసంతా వెనక్కి వాలి పడకుండా ఆపింది. రెండో గుండు పేల్చే సందు గార్డుకు దొరకలేదు. పక్కనున్న ఇద్దరు ఇనుప చుట్టలతో పళ్ళు రాలేలా కొట్టారు. తుపాకీ లోయలో పడింది, దాని వెనకే గార్డు. ఎవరికీ అయ్యో అనిపించలేదు. అబద్ధమెందుకు?

అక్క సూపర్‌వైజరును కింద పడేసి సంచి లాక్కుంది. వాడు ఫోను చేసుకుంటూ కిందికి పరుగెత్తాడు. ఆమె తమ్ముడి ఛాతీ దగ్గర తాడు కోసింది. కట్టర్ వెనకవాడికిచ్చింది. అతను తన భుజం దగ్గర కోసి వెనక్కి అందించాడు. చివరిదాకా పోయిన కట్టర్ ముందువాళ్ళ దగ్గరా తిరిగి మళ్ళీ అక్క చేతికొచ్చింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి అతుకులేని తాడు అరవై ముక్కలైంది.

ముక్కలు చేతబట్టుకుని, రెండు శవాలు మోసుకుని క్యాంపుకు దిగారు. పోలీసులు తయారుగా ఉన్నారు. వాళ్ళ వెనక కాంట్రాక్టరు. ఆ పక్కన, వేరే కొండ నుంచి పిలిపించిన కొత్త కూలీలు రెండో తాడు భుజాలకెత్తుకుని బయలుదేరబోతున్నారు.

కట్టర్ లాక్కుందెవరని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. అక్క ముందుకొచ్చింది. బేడీలు వెయ్యబోతే చెయ్యి విదిలించుకుని, తమ్ముడి చొక్కా పైకెత్తి కొత్తవాళ్ళకు చూపించింది. తాడు మెలికలు వాడి చర్మంలో అచ్చుపడి ఉన్నాయి.

"వీడి ప్రాణం పోయేదాకా ఈ కాంట్రాక్టరు ఫోనులో ఆలోచించాడు. మీ వరసలో ఎవరికి తమ్ముడున్నాడో చూసుకోండి" అంది.

కాంట్రాక్టరు కదలమని అరిచాడు. కొత్త వరసలో మొదట నిలబడ్డ నడివయసు ఆడమనిషి కదల్లేదు. తుపాకులు తన వైపు తిరుగుతున్నా చెయ్యి చాచింది.

"ఆ కట్టర్ ఇటివ్వు చెల్లీ."