మెరవని రేకు బోర్డు

నేను ఒక రేకు బోర్డుని. నన్ను చూసి దారిన పోయేవాళ్ళెవరూ ఆగరు. నాకు దీపాలు లేవు, బొమ్మలు లేవు, మూలన నిలబడి దండం పెట్టే మనిషి ఫోటో లేదు. ఒక పేరు, దాని కింద చార్టర్డ్ అకౌంటెంట్ అన్న మాట, అంతే. అలాగని జాలిపడకండి. జాలి నాకు సరిపడదు.

నేను పుట్టింది నరసాపురంలో, ఒక రైసుమిల్లు తలుపుకి తెచ్చి మిగిలిపోయిన రేకులోంచి. మొదట ఒక సోడాకొట్టాయన నన్ను కొని, నా మీద చల్లదనం గురించి ఘనంగా రాయించాడు. ఆయన కొట్లో ఐసు ఉన్న రోజులు తక్కువ. తర్వాత ఒక ట్యూషన్ మాస్టారి చేతికొచ్చాను. చేరిన ప్రతివాణ్ణీ పాస్ చేయిస్తానని నా మీద రాయించిన ఆ మహానుభావుడు, ఫలితాలు వచ్చే రోజుల్లో మాత్రం నన్ను దించి గోడ వైపు తిప్పి పెట్టేవాడు. మనుషులు తమ నోటితో చెప్పుకోలేని గొప్పలన్నీ రేకు చేత చెప్పిస్తారు. రేకుకి సిగ్గు ఉండదనుకుంటారు కాబోలు.

అలాంటి నన్ను మూడోసారి కొన్నది కొప్పినీడి సువర్చల. ఎంతోమంది మధ్యలోనే వదిలేసే ఆ పరీక్షలన్నీ పట్టుబట్టి పూర్తిచేసి, సొంత ఊళ్ళో ప్రాక్టీసు పెడదామని స్టేషన్ రోడ్డులో ఒక మేడగది అద్దెకు తీసుకుంది. నా మీద రంగులు వెయ్యడానికి వచ్చిన ఏసుపాదానికి పెద్ద పెద్ద ఊహలున్నాయి.

"లక్ష్మీదేవిని వేసేద్దామండీ. కింద ఎర్రరంగులో 'మీ పన్ను కష్టాలు మాకొదిలెయ్యండి' అని కొట్టేద్దాం."

"వద్దు ఏసుపాదం గారూ. పేరు రాయండి, చదువు రాయండి. మమ్మల్ని మేం పొగుడుకోకూడదు, మా వృత్తిలో అది రూలు."

"పొగుడుకోపోతే జనం ఎలాగొస్తారండీ బాబూ?"

"అవసరమైతే వెతుక్కుంటా వస్తారు."

ఏసుపాదం నిట్టూర్చి రాశాడు. రాసినవాడి పేరు మూలన వేసుకోవడం అతని అలవాటు. నా మీద వేసుకోలేదు. నామోషీ అనుకుని ఉంటాడు. నాకు మాత్రం జీవితంలో మొదటిసారి ఒళ్ళంతా నిజం పూసినట్టుంది. ఇక ఎవరు నవ్వినా నేను లెక్కచెయ్యదలుచుకోలేదు.

నవ్వడానికి ఎదురుగానే ఒకాయన ఉన్నాడు. బుచ్చిరాజు. మా ఊళ్ళో ఒక అలవాటుంది. లెక్కలు రాసే మనిషి ఎవరైనా సరే, కళ్ళజోడు పెట్టుకుని బల్ల వెనక కూర్చుంటే ఆడిటరు గారే. పరీక్ష ప్యాసయ్యారా, లైసెన్సుందా అని అడగడం మర్యాద కాదు. వైద్యుడి డిగ్రీ అడుగుతారు, పెళ్ళికొడుకు జీతం అడుగుతారు, ఆడిటరు గారిని మాత్రం ఏమీ అడగరు. బుచ్చిరాజు ఏ పరీక్షా ప్యాసవలేదు. ఆయన బోర్డు మాత్రం పగలే మెరిసేది. ఆయన మెట్ల మీద చెప్పులు పట్టేవి కావు, మా మెట్లు ఎప్పుడూ ఖాళీ.

ఆ చెప్పుల్లో గుబ్బల మంగతాయారువి కూడా ఉండేవి. పల్లెల్లో ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర అల్లే లేసు పోగుచేసి చెన్నైలో ఒక కొట్టుకి పంపేది ఆవిడ. ఆ కొట్టువాళ్ళు జీఎస్టీ బిల్లు లేనిదే సరుకు దించుకోరు. అందుకని రిజిస్ట్రేషన్ తన పేరు మీదే తీసుకుంది, తక్కిన వ్యవహారం బుచ్చిరాజుకి అప్పగించింది. ఆయన ఫోన్ చేసి ఓటీపీ ఎంత అంటే, చేతిలో పని ఆపి మరీ చదివి వినిపించేది. ఆయనేమో పన్ను రిటర్నుల్లో కొన్నాళ్ళు అమ్మకాలే లేవని చూపించాడు, తర్వాత అసలు చూపించడమే మానేశాడు. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చెయ్యకూడదో సోమవారం వచ్చి చెప్పమని పన్నుల ఆఫీసు నుంచి ఆవిడకి నోటీసు వచ్చింది. అది పోతే బిల్లు లేదు. బిల్లు లేకపోతే చెన్నై లేదు. అల్లే ఆడవాళ్ళందరికీ పని లేదు.

ఇదంతా మెట్ల మొదట్లో, నా కింద ఉన్న ఇస్త్రీబండి దగ్గర నిలబడి ఆవిడే చెబుతుంటే విన్నాను.

"తోడు లైసెన్సున్న మనిషిని తెచ్చుకోమన్నారండి ఆఫీసులో. బుచ్చిరాజు గారు ఆడిటరే కదండీ అన్నాను. ఎవరు చెప్పారమ్మా అన్నారు. ఊరంతా అంటారండీ అన్నాను. గుమాస్తా గారు నవ్వేరండి. ఆ నవ్వుకి నా ప్రాణం చచ్చిపోయిందనుకోండి. స్టేషన్ రోడ్డులో మేడ మీద ఒకావిడున్నారంట, ఎక్కడండీ?"

"పైనొక అమ్మాయి గారున్నారు గానండీ, ఆవిడింకా చదూకుంటన్నారు. ఎప్పుడు చూసినా చేతిలో పుస్తకమే" అన్నాడు ఇస్త్రీ ఆయన.

నేను ఆవిడ తలకి జానెడు దూరంలో ఉన్నాను. కానీ నన్ను చూసే వీలు లేదు. ఊరి ప్రజలకు వినాయకచవితి శుభాకాంక్షలు చెబుతూ బుచ్చిరాజు ఒక ఫ్లెక్సీ వేయించి, మా మెట్ల రెయిలింగుకి, సరిగ్గా నా మొహం మీదే కట్టించాడు. ఇంటి ఓనరు అభ్యంతరం చెప్పలేదు. నా కోపం ఏమని చెప్పను! ఇక్కడే ఉన్నానమ్మా అని అరవడానికి రేకుకి గొంతేదీ?

మంగతాయారు తల ఎత్తింది. ఎదురుగా నిలువెత్తు బుచ్చిరాజు, చేతులు జోడించి, చిరునవ్వుతో. ఆవిడ అలా చూస్తూనే సంచిలోంచి లేసుదారం కత్తిరించే కత్తెర తీసి, ఫ్లెక్సీ తాడు పటుక్కున కోసేసింది. తర్వాత రెండో తాడు. బుచ్చిరాజు నిలువునా కూలి ఇస్త్రీబండి మీద పడ్డాడు. అసలు బుచ్చిరాజు ఎదురు మేడ దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటి తాయారమ్మా, మతిగాని పోయిందా? నా ఫ్లెక్సీ కోసేస్తావా?"

"నా కొంప ముంచినోడివి, తాడు కోస్తే ఏడుస్తన్నావా? పొద్దుట్నుంచీ తిరుగుతన్నాను. పదిమందీ చూడనీ, నాకేం సిగ్గు?"

అప్పుడు నన్ను చూసింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. నా ఆయుష్షులో నన్ను అంత శ్రద్ధగా చదివినవాళ్ళు లేరు. మేడెక్కి, కూర్చోకుండానే అడిగింది.

"మీకు లైసెన్సుందాండి? చూపించండి."

సువర్చల గొంతులో సంతోషం తెరిచిన తలుపులోంచి కిందున్న నాకూ వినిపించింది. ఈ ఊళ్ళో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. సర్టిఫికెట్టు చూపించి, సభ్యత్వ సంఖ్య రాసిచ్చి, "ఇది నిజమో కాదో మా సంస్థ వెబ్‌సైటులో మీవాళ్ళెవరి చేతైనా చూపించుకోండి" అంది. నోటీసు చదివింది. బిల్లులన్నీ చూసింది.

"గ్యారంటీ ఇస్తారాండి?"

"ఇవ్వలేనండీ. మీరు అమ్మింది నిజం, చూపించనిదీ నిజం. పన్ను కట్టాలి, ఆలస్యానికి జరిమానా కట్టాలి. అవి కట్టేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, రద్దు చెయ్యొద్దని అడుగుదాం. దాచిపెట్టి గెలిపించడం నాకు చేతకాదు."

ఎదుటి మేడ మీద అన్నిటికీ గ్యారంటీ ఉంది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోతుందని భయపడ్డాను.

"గ్యారంటీ ఇచ్చినాయన్ని చూసేశాను కదండీ. కానివ్వండి" అంది మంగతాయారు.

సోమవారం ఇద్దరూ వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చిన మంగతాయారు ఇస్త్రీబండి దగ్గర ఆగి, "ఉంచేరండి!" అని గట్టిగా అని, అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. ఆ వారమే లేసు చెన్నై వెళ్ళింది.

తర్వాత బుచ్చిరాజు స్వీటు పొట్లంతో మా మెట్లెక్కాడు. జనాన్ని ఆయన తెస్తాడట, పనీ ఆయనే చూసుకుంటాడట, సువర్చల సంతకం పెడితే చాలట.

"నేను చూడని కాగితం మీద సంతకం పెట్టనండీ. పొట్లం తీసుకెళ్ళండి" అంది సువర్చల.

ఆయన పొట్లంతో సహా ఓనరు దగ్గరికి వెళ్ళాడు. నెల తిరక్కుండా ఓనరు వచ్చి, గది బుచ్చిరాజు గారికి కావాలి, ఆయనతో సర్దుకుంటావా, ఖాళీ చేస్తావా అన్నాడు. సువర్చల స్టూలు తెచ్చుకుని తనే నా మేకులు ఊడదీసింది. మంగతాయారు తన లేసు షెడ్డు పక్కనున్న చిన్న గది ఊడ్చి, సున్నం వేయించి, నన్ను మొయ్యడానికి తనే వచ్చింది.

చెరో పక్కా పట్టుకుని స్టేషన్ రోడ్డుకి నట్టనడుమ నడిచారు. కొట్లవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఆటోలు ఆగాయి. అన్నాళ్ళూ నా ముందునుంచే తిరిగినవాళ్ళు పెదాలు కదుపుతూ నన్ను చదవడం చూశాను. ఓనరు వెనకనుంచి కేకేశాడు.

"ఖాళీ చేసిపోతా ఆ ఊరేగింపేంటమ్మా? అక్షరాలు లోపలికి తిప్పి పట్టుకోండి, బాగోదు."

వాళ్ళిద్దరూ తిప్పలేదు.